కండక్టరుగారి కట్టుడుపళ్ళు

పళ్ళు పోయిన పెద్దమనిషి నోరు విప్పడంలేదు. పళ్ళు కాజేసిందని అందరూ అంటున్న పిల్ల ఏడుపు ఆపడంలేదు. వీళ్ళిద్దరి తరఫునా సెక్యూరిటీ ఆఫీసరు ఒక్కడే పొద్దుటినుంచీ ఎడతెరిపి లేకుండా మాట్లాడుతున్నాడు.

“కేసు తేలిపోయింది మేడమ్. మీరు అనవసరంగా ఎండన పడి వచ్చారు,” అన్నాడాయన, ప్రిన్సిపల్ గదిలో కుర్చీని వెనక్కి వాల్చి.

టీచరమ్మ గొడుగు ముడుస్తూ గుమ్మం పక్కకు చూసింది. ఆ పిల్లది, జిప్పు చెడిన సూట్‌కేసు ఒకటి తాడుతో కట్టి ఉంది. ముడిమీద ముడి వేసి, ఆ పైన ఇంకో ముడి. వెళ్ళాలని లేనివాళ్ళు సామాను అలాగే కడతారు. ఈ నర్సింగ్ స్కూల్లో జీవితమంతా పాఠాలు చెప్పి, ఏటేటా ఒక బ్యాచిని సాగనంపి, సాగనంపిన ప్రతిసారీ వారంరోజులు తిండి సయించక అవస్థపడిన మనిషి ఆవిడ. రిటైరయ్యాక ఆ బాధ తప్పిందనుకుంది. తప్పలేదు. ఆస్పత్రిలో ఏ వస్తువు మాయమైనా కబురు ఆవిడకే వస్తుంది. మార్చురీ తాళంచెవి కేసు, నడిచి వెళ్ళిపోయిన వీల్‌చెయిర్ కేసు ఛేదించాక ఆవిడ మాటకు అక్కడ విలువ పెరిగింది. పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు అయిదుమెట్ల టీచరమ్మ. ఆ పేరు ఆవిడకు తెలియదని వాళ్ళ నమ్మకం.

ప్రిన్సిపల్ ఒకప్పుడు ఆవిడ శిష్యురాలే. ఇప్పటికీ ఆవిడ నిలబడి ఉంటే తను కూర్చోలేదు. నిలబడే జరిగింది చెప్పుకొచ్చింది. మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం పెద్దాయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైనవాడు. కాలి పుండు మానింది, ఇవాళ ఇంటికి వెళ్ళాల్సింది. రాత్రి శుభ్రంగా భోంచేశాడు, నిద్రమాత్ర వేసుకున్నాడు. తెల్లారేసరికి పళ్ళు లేవు. పళ్ళంటే పూర్తి సెట్టు కాదు. పైవరస ముందు పెట్టుకునే మూడు పళ్ళ ముక్క. ఇరుపక్కలా తీగ కొక్కేలు, నడుమ ఉన్న పన్ను బంగారంది. రాత్రి ఆ ముక్క తీసి, మంచం పక్క స్టూలుమీద నీళ్ళ కప్పులో పెట్టే పని రెండో సంవత్సరం అమ్మాయిది. పెట్టానంది. పొద్దున కప్పు ఉంది, నీళ్ళున్నాయి, పళ్ళు మాత్రం లేవు.

“బంగారు పన్ను,” అన్నాడు ఆఫీసరు, ఆ ఒక్క మాటతో శిక్ష ఖరారైనట్టు. “కారణం దొరికింది. మనిషి దొరికింది. ఇక దొరకాల్సింది పళ్ళే.”

“అమ్మాయిని అడిగారా?”

“అడిగాను. ఏడ్చింది. ఏ తప్పూ చేయనివాళ్ళు ఎందుకేడుస్తారు మేడమ్?”

“పెద్దాయనను చూశారా?”

“ఆయన్ని చూడ్డానికేముంది? పోయింది పళ్ళు. ఆయనెక్కడికీ పోలేదుగా.”

నర్సింగ్ ప్రాసెస్ పాఠాన్ని, అంటే రోగిని చూసుకునే పద్ధతిని, టీచరమ్మ అయిదు మెట్లుగా నూరిపోసేది: చూడు, తేల్చుకో, ఆలోచించు, చెయ్యి, మళ్ళీ చూడు. మంచం దగ్గరికి వెళ్ళగానే ఏదో ఒకటి చేసెయ్యాలని చేతులు ఉవ్విళ్ళూరతాయి, ఆ చేతులు వెనక్కి కట్టుకుని ముందు కళ్ళు తెరవండని చెప్పేది. ఈ ఆఫీసరు మెట్లెక్కే రకం కాదు. కిందనుంచి ఒక్క గెంతులో నాలుగోదానిమీద వాలి, పైన ఇంకోటి ఉందని తెలియక అక్కడే కాపురం పెట్టే రకం.

“నాకూ మనసొప్పడంలేదు మేడమ్,” అంది ప్రిన్సిపల్ గొంతు తగ్గించి. “స్కూలు కమిటీవాళ్ళు పిల్లని సాయంత్రంలోగా పంపెయ్యమన్నారు. వాళ్ళ నాన్న బయల్దేరాడు కూడా. దొంగతనం ముద్రతో ఒకసారి గేటు దాటితే ఆ పిల్లని ఇంక ఏ స్కూలూ చేర్చుకోదు.”

టీచరమ్మ గొడుగును కుర్చీకి తగిలించి వార్డువైపు నడిచింది. ఆఫీసరు వెంటే వచ్చాడు, దారి తనే చూపిస్తున్నట్టు ఒకడుగు ముందుండేలా జాగ్రత్తపడుతూ.

వార్డులో కిటికీ పక్క స్టూలు చుట్టూ నాలుగు సెలైన్ స్టాండ్లు నిలబెట్టి, వాటికి బ్యాండేజి గుడ్డ చుట్టి, ముట్టుకోరాదని రాసిన అట్ట తగిలించి ఉంది. నేరస్థలాన్ని తనే భద్రపరిచానన్నాడు ఆఫీసరు. ఆ భద్రత పుణ్యమా అని పక్క వార్డులో ఒకాయన సెలైన్ సీసాను ఆయన బావమరిది పొద్దుటినుంచీ చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడని, ఆ చెయ్యి ఇప్పుడు కిందికి దిగడంలేదని, ఆయా వచ్చి మొరపెట్టుకుంది. విచారణ పూర్తయ్యేదాకా స్టాండ్లు కదలవని ఆఫీసరు చెప్పాడు. ఆయా ఆ బావమరిది తిట్టిన తిట్లే తనూ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

కండక్టరుగారు మంచంమీద ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. మెడచుట్టూ తువ్వాలు. పక్కనే ఆయన భార్య మాట్లాడుతోంది. ఆవిడ మాట్లాడుతోందనడం చిన్నమాట. గేట్లు ఎత్తేసిన కాలువలా ఉంది ఆవిడ ధోరణి. నిన్నటిదాకా ఈ వార్డంతా కండక్టరుగారి గొంతు కిందే బతికింది. బస్సు వెనకసీటుదాకా వినిపించాలని సాధన చేసిన గొంతది. మందులిచ్చే సిస్టర్‌ని కూడా ‘ముందుకు జరగాలమ్మా’ అనకుండా పోనిచ్చేవాడు కాదు. ఇవాళ ఆయన మౌనం పట్టేసరికి చుట్టుపక్కల మంచాలవాళ్ళు హాయిగా మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు.

“అలిగారమ్మా,” అంది భార్య, టీచరమ్మకు స్టూలు చూపించబోయి, అది నేరస్థలమని గుర్తొచ్చి మంచం చివర చోటిస్తూ. “పళ్ళు పోయాయని పంతం. తిండి ముట్టరు, నీళ్ళు ముట్టరు, పలకరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చెప్పాలనుకున్నవన్నీ ఇవాళ చెప్పుకున్నాను. ఒక్కచోట కూడా అడ్డురాలేదు.”

“ఎంతవరకు వచ్చారు?”

“మా పెద్దాడు పుట్టిందాకా. సాయంత్రందాకా ఇలాగే ఉంటే మా తోడికోడలి సంగతి కూడా తేల్చేస్తాను.”

కండక్టరుగారు కళ్ళు మూసుకున్నాడు.

టీచరమ్మ ఆవిడ ఒళ్ళోని సంచివైపు చూసింది. మొగుడి నోరు మూతపడితే ఇంత లాభపడ్డ మనిషి ఈ ఆస్పత్రిలో ఇంకొకరు లేరు. రాత్రి మంచం కిందే పడుకుంది, కప్పు చేతికందేంత దూరంలో. తలనొప్పి మాత్ర ఏదైనా ఉందామ్మా అనడిగి, ఆవిడ వెతుకుతుంటే తనూ సాయపడుతున్నట్టు సంచిని అడుగుదాకా తడిమింది టీచరమ్మ. ఊలు ఉండ, విరిగిన దువ్వెన, పొట్లంలో బిస్కట్లు. పళ్ళు లేవు. పైగా ఆవిడ జాలిపడి బిస్కట్టొకటి చేతిలో పెట్టి, ఖాళీకడుపుతో మాత్ర వేసుకోకూడదని హితవు చెప్పింది. టీచరమ్మ చెవులు వేడెక్కాయి. ఆఫీసరును వెక్కిరించుకున్న తను ఏం చేసింది? సరిగ్గా చూడకుండానే తేల్చేసుకుంది. బిస్కట్టు నోట్లో వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, మొదటి మెట్టుమీదికి తిరిగి వచ్చింది.

ఈసారి కండక్టరుగారిని చూసింది. దిండు ఒకపక్క తడిసి ముద్దయింది. తువ్వాలు అంచు కూడా తడే. ఆయన ఉండుండి నోరు దగ్గరికి తువ్వాలు తెచ్చుకుని ఉమ్ము దాంట్లోకి వదులుతున్నాడు. గ్లాసుతో నీళ్ళు చూపిస్తే తల అడ్డంగా ఆడించాడు. ఆ కళ్ళల్లో కోపం కనిపించలేదు. భయంలాంటిది కనిపించింది.

“ఏవండీ పెద్దాయనా, పళ్ళు ఏమయ్యాయంటారు?” అనడిగింది.

ఆయన చెయ్యి ఎత్తి గొంతుకు ఆనించుకున్నాడు.

“పొద్దుట నేనడిగినా ఇదే జవాబు,” అన్నాడు ఆఫీసరు. “తీసినవాళ్ళు దొరికితే పీక పిసికేస్తానంటున్నాడు. ఆ కోపం న్యాయమే.”

టీచరమ్మ బ్యాండేజి కింది నుంచి దూరి కప్పు మీదికి వంగింది. ముట్టుకోకూడదని ఆఫీసరు అరిచాడు. ముట్టుకోవడంలేదని చెప్పి, టార్చి వేసి నీళ్ళలోకి చూసింది. తేటగా ఉన్నాయి. అద్దంలో చూసుకున్నట్టు తన ముక్కు కనిపించింది.

“భోంచేసిన నోట్లోంచి తీసిన పళ్ళు రాత్రంతా నానితే నీళ్ళు ఇలా ఉంటాయా? అడుగున కాస్త మడ్డయినా దిగదూ?”

“నీళ్ళు మార్చేసింది. సాక్ష్యం మాయం చెయ్యడానికి.”

“పళ్ళు కొట్టేసి, నీళ్ళు మార్చి, కప్పు తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టిందా? అంత ఓపికున్న దొంగని పంపెయ్యకూడదండీ, వార్డు ఇన్‌చార్జిని చెయ్యాలి.” ఆవిడ గుడ్డకింది నుంచి బయటికొచ్చి నడుం పట్టుకుంది. “ఏదేమైనా మీరు ఈ కప్పు చుట్టూ కంచె వెయ్యకపోతే ఎవరో ఒకరు పారబోసేవాళ్ళు. మంచి పని చేశారు.”

ఆఫీసరు ఆ మెచ్చుకోలును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, లోపల ముల్లు ఎక్కడుందోనని.

ఇంతలో కుర్ర డాక్టరు హడావుడిగా వచ్చాడు. నిన్నటినుంచీ ఇంటికి వెళ్ళనట్టు చొక్కా నలిగి ఉంది. పళ్ళు లేక తినడంలేదని, పంతం పట్టి నీళ్ళు కూడా మానేశాడని సిస్టర్ చెప్పగా విని, ఇలాగైతే నీరసించిపోతాడు, ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయండని చెప్పి అంతే వేగంగా వెళ్ళాడు. ఆ మాటలు టీచరమ్మ చెవిన పడ్డాయి గాని మనసుదాకా పోలేదు. ఆవిడ మనసు ఇంకా ఆ తేటనీళ్ళలోనే ఉంది.

అమ్మాయి దుప్పట్ల గదిలో ఉంది. తనను పంపించేస్తున్నారని తెలిసి కూడా ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెడుతోంది. కళ్ళు వాచి సన్నగా అయిపోయాయి. టీచరమ్మ తలుపు దగ్గరగా వేసి, దుప్పటి రెండో కొస తను పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒకటి మడిచారు. ఇంకొకటి మడిచారు.

“నర్సింగ్ ప్రాసెస్‌లో ఏమేం వస్తాయి?”

అమ్మాయి అలవాటుకొద్దీ నిటారుగా నిలబడి గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. రోగి స్థితిని గమనించి వివరాలు సేకరించడం, వాటినిబట్టి అవసరం ఏమిటో నిర్ధారించుకోవడం, దానికి తగ్గ ప్రణాళిక వేసుకోవడం, ప్రణాళికను అమలుపరచడం, ఫలితం వచ్చిందో లేదో తిరిగి పరీక్షించుకోవడం. పుస్తకంలో కామా కూడా వదల్లేదు.

“బాగుంది. నిన్న రాత్రి కండక్టరుగారి దగ్గర ఎంతవరకు వెళ్ళావు?”

దుప్పటి కొస అమ్మాయి చేతుల్లో ఆగిపోయింది.

“చెప్పు తల్లీ. నేను మార్కులు వెయ్యడానికి రాలేదు.”

“మూడో మెట్టుదాకా మేడమ్,” అంది అమ్మాయి.

తరవాత కట్ట తెగింది. పడుకునేముందు పళ్ళు తియ్యాలని అనుకుంది. కప్పు కడిగి నీళ్ళు పోసి స్టూలుమీద సిద్ధంగా పెట్టింది. ఈలోగా అవతలి మంచంవాడి సెలైన్ అయిపోయిందని కేకేశారు. అది మార్చి వచ్చేసరికి కండక్టరుగారు నిద్రమాత్ర మత్తులో నోరు బిగించుకుని గురకపెడుతున్నాడు. లేపితే వార్డంతా లేచేలా అరుస్తాడని భయం. ఇంకో సిస్టర్ తీసే ఉంటుందిలే అనుకుంది, కప్పులోకి తొంగి చూడలేదు. పొద్దున ఆయన నోరు చూసి పళ్ళు లేవనుకున్నారు. పళ్ళు తీసి కప్పులో పెట్టావుకదా అని పెద్ద సిస్టర్ అడిగింది. అడిగిన తీరులోనే అవుననే జవాబుంది. తల ఊపేసింది.

“ఒకసారి ఊపాక ఇంక ఆపలేకపోయాను మేడమ్. సెక్యూరిటీ ఆయనొచ్చి దొంగతనం అన్నాడు. అప్పుడు తియ్యలేదని చెబితే, దొంగకు తోడు అబద్ధాలకోరునని కూడా అంటారు కదా.”

టీచరమ్మ దుప్పటిని సగం మడతలోనే గుండెకు హత్తుకుని నిలబడిపోయింది. పళ్ళు కప్పులోకి రానేలేదు. కప్పులోకి రానివాటిని ఎవరూ దొంగిలించలేరు. ఎవరూ తియ్యకపోతే అవి రాత్రి ఎక్కడున్నాయి? నోట్లో. తీగ కొక్కేలతో, మత్తుగా పడుకున్న మనిషి నోట్లో. అక్కడినుంచి ఎటు పోతాయి?

పళ్ళు లేకపోతే నమల్లేడు, సరే. నీళ్ళు తాగడానికి పళ్ళెందుకు? ఉమ్ము మింగడానికి పళ్ళెందుకు? అంతటి గొంతున్నవాడు అలిగితే ఊరంతా వినబడేలా అలుగుతాడుగాని మౌనంగా అలుగుతాడా? ఆయన పొద్దుటినుంచీ అడిగిన ప్రతివాడికీ గొంతుమీద చెయ్యి పెట్టి చూపిస్తూనే ఉన్నాడు.

కుర్ర డాక్టరు మాటలు అప్పటికి వచ్చి ఆవిడ మనసును తాకాయి. ముక్కులోంచి గొట్టం. ఆ గొట్టం దిగే దారిలోనే ఇరుక్కుని ఉన్న తీగ కొక్కేలు.

తలుపు తీసేసరికి ఆఫీసరు చెవి తలుపుకే అంటుకుని ఉండి, మనిషి లోపలికి తూలాడు.

“మొత్తం విన్నాను. అబద్ధమాడానని ఒప్పుకుంది,” అన్నాడు నిలదొక్కుకుంటూ. “నా సమక్షంలో మళ్ళీ ఒకసారి మొదటినుంచి చెప్పాలి. అందాకా ఈ గది దాటడానికి ఎవరికీ వీల్లేదు.”

“మీ మోకాళ్ళు బాగున్నాయా?”

“నా మోకాళ్ళకేం?”

“నావి పనిచెయ్యవు. పరిగెత్తండి. కండక్టరుగారికి గొట్టం వేస్తున్నారు, ఆపండి. పళ్ళు ఆయన గొంతులో ఉన్నాయి.”

ఆఫీసరు నోరు తెరిచాడు. ఎవరిని పట్టుకోవాలో తెలియకుండా ఆయన జన్మలో పరిగెత్తలేదు. కానీ టీచరమ్మ మొహంలో ఏం కనిపించిందో, టోపీ తీసి చేత్తో పట్టుకుని పరుగు లంకించుకున్నాడు.

టీచరమ్మ అమ్మాయి భుజం పట్టుకుని ఆయాసపడుతూ వార్డు చేరేసరికి మనుషులంతా బొమ్మల్లా నిలబడి ఉన్నారు. ఎవరూ కదలొద్దని ఆఫీసరు పెట్టిన కేకకు కిటికీ అద్దాలు ఇంకా అదురుతున్నట్టే ఉంది. పెద్ద సిస్టర్ చేతిలో గొట్టం, దాని మొన కండక్టరుగారి ముక్కుపుటంలో. ఒకచెయ్యి భార్య, ఇంకోచెయ్యి ఆయా గట్టిగా పట్టుకుని ఉన్నారు. నిద్రలేచిన పక్క మంచాలవాళ్ళు చేతులు పైకెత్తేశారు, ఎందుకైనా మంచిదని.

గొట్టం మెల్లగా బయటికి తీయించింది టీచరమ్మ. కబురందుకుని కుర్ర డాక్టరు వచ్చాడు. ఆవిడ చెప్పింది విని వాదించలేదు, సిగ్గుపడుతూ కూర్చోనూ లేదు. కండక్టరుగారి మెడ రెండువైపులా వేళ్ళతో నొక్కి చూశాడు. కుడివైపు చర్మం కింద చిటపటమంది, ఎండుటాకుల పొట్లం నొక్కినట్టు. లోపల చిల్లి పడి గాలి చర్మం కిందికి చేరితేనే వచ్చే ఆ చప్పుడు అర్థమైనవాళ్ళు అక్కడ ఇద్దరే. డాక్టరూ టీచరమ్మా ఒకరినొకరు చూసుకున్నారు.

ఎక్స్‌రే వచ్చింది. వెలుతురుకు పెట్టి చూస్తే ఎముకల మధ్యలో, మెడ కింద, మూడు పళ్ళు వరసగా ఇకిలిస్తున్నాయి. ఆ ఎక్స్‌రేను సాక్ష్యంగా సీలు చెయ్యాలన్నాడు ఆఫీసరు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి, కనీసం దొంగ దొరికినట్టు నమోదు చేసుకుంటానన్నాడు.

“ఒక కొక్కెం గొంతు గోడలో దిగింది,” అన్నాడు డాక్టరు ప్రిన్సిపల్‌తో. “దాని పక్కనే పెద్ద రక్తనాళం. ఇక్కడ తియ్యలేం. పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాలి, ఆయన కదలకుండా, దేన్నీ మింగకుండా. నేను వెళ్తాను. నాతో ఒక నర్సు కావాలి.”

నర్సును ఎంచుకునే అవకాశం ఎవరికీ రాలేదు. స్ట్రెచర్‌మీద కూర్చోబెడుతుంటే తువ్వాలు అందించిన అమ్మాయి చేతిని కండక్టరుగారు పట్టేసుకున్నాడు. వదిలించబోతే ఇంకా బిగించాడు. కమిటీకి ఏం చెప్పాలో తెలియక ప్రిన్సిపల్ టీచరమ్మవైపు చూసింది. టీచరమ్మ అమ్మాయివైపే చూస్తోంది. ఇంకా జరగాల్సినది ఒకటుంది, అది తను చెప్పిస్తే చెల్లదు.

అమ్మాయి కండక్టరుగారి భార్యవైపు తిరిగింది.

“రాత్రి పళ్ళు నేను తియ్యలేదమ్మా. తీశానని అబద్ధం చెప్పాను. ఆ మాట పొద్దున్నే చెప్పి ఉంటే ఈపాటికి ఆయన్ని తీసుకెళ్ళిపోయేవాళ్ళు.”

పొద్దుటినుంచీ ఆగని ఆవిడ నోరు ఆగింది. మొగుడి మొహం చూసింది, ఎక్స్‌రే వంక చూసింది. తోడికోడలి కథ, పెద్దాడు పుట్టిన కథ, అన్నీ ఆ మనిషి గొంతులో ముల్లు పెట్టుకుని విన్నాడని ఆవిడకు అప్పుడు తెలిసింది. చీర చెంగుతో ఆయన గడ్డం తుడిచింది.

“నిన్ను తిట్టాల్సింది నేను కాదు,” అంది చివరికి. “ఆయన. గొంతొచ్చాక ఆయనే తిడతాడు, వార్డంతా వినబడేలా తిడతాడు. ఆ తిట్లు తినేదాకా నువ్వెక్కడికీ పోడానికి వీల్లేదు. చెయ్యి వదలకు.”

స్ట్రెచర్ కదిలింది. ఆఫీసరు ముందు నడుస్తూ, దారి ఇవ్వండని అందరినీ గోడలకు అతికిస్తున్నాడు. అంబులెన్సు తలుపులు తీసి ఉన్నాయి. కండక్టరుగారిని లోపలికి ఎక్కిస్తుండగా ఆయనకు దగ్గు వచ్చింది. పెద్ద దగ్గేం కాదు. డాక్టరు అప్పుడు ఆక్సిజన్ సిలిండరు సరిచూసుకుంటున్నాడు. ప్రిన్సిపల్ ఫోన్లో ఉంది. ఆఫీసరు డ్రైవరుకు దారి చెబుతున్నాడు. టీచరమ్మ కూడా స్ట్రెచర్ మెట్టుకు తగలకుండా ఎక్కిస్తున్నారా లేదా అనే చూస్తోంది.

అమ్మాయి ఒక్కతే ఆయన దగ్గిన తువ్వాలు విప్పి చూసింది. మడిచెయ్యలేదు. మళ్ళీ చూసింది.

“డాక్టరుగారూ,” అంది. గొంతులో ఏడుపు లేదు. “రక్తం. ఎర్రగా ఉంది, కొత్తది. నాడి కూడా పరిగెడుతోంది. మనం దారిలో ఎక్కడా ఆగకూడదు, తలుపు వెయ్యండి.”

తలుపు వేసింది ఆఫీసరే. ఎందుకని అడగలేదు.